సైకిలు నడిపిన మనిషి

తెలుగులో సైకిలుని తొక్కనూ వచ్చు, నడపనూ వచ్చు. మామూలు జనానికి రెండింటికీ అర్థం ఒకటే. కురుపాం మార్కెట్ వెనక సందులో సైకిలు షాపు పెట్టుకున్న గులాం మొహమ్మద్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ రెండు మాటలకీ ఏమాత్రం పొత్తు కుదిరేది కాదు. "ఎన్నాళ్ళ నుంచి భాయ్, ఈ సైకిళ్ళతో?" అని ఎవరైనా అడిగితే, "నిక్కరేసుకున్న కాడ్నించీ నడుపుతన్నాను బాబూ" అనేవాడు. అబద్ధం కాదు. నిజంగానే నడిపేవాడు. హేండిల్ పట్టుకుని పక్కన తను నడుస్తూ దాన్ని కూడా నడిపించేవాడు. తొక్కడం మాత్రం అతనికి రాదు.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకపోవడానికి కారణం అతని వృత్తే. సైకిలు షాపువాడు సైకిలు తోసుకుంటూ వస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఎవరిదో పంక్చరు బండి తెస్తున్నాడనుకుంటారు. బాగుచేసిన బండిని కూడా తను ఎక్కి చూడకుండా దాని యజమానికే అప్పగించేవాడు. "నీ బండి, నీ కాళ్ళు. నువ్వే ఓ రౌండు కొట్టి సూసుకో, నాను బాగుందంటే ఏటి లాభం?" అనేవాడు. దాంతో అతనికి నిజాయితీపరుడని పేరు కూడా వచ్చింది. మన ఊళ్ళో కొందరికి పేర్లు ఇలాగే వస్తాయి.

గుట్టు తెలిసినవాళ్ళం ఇద్దరం. ఒకరు అతని భార్య ఖైరున్నీసా, రెండోవాణ్ణి నేను. నేను పోర్టులో గుమస్తాని, వాళ్ళ పక్కింటివాణ్ణి. గోడలకి చెవులుంటాయంటారు గానీ మా రెండిళ్ళ మధ్య గోడకి ఏకంగా కిటికీయే ఉండేది. ఒకరోజు ఖైరున్నీసా కోపం మీద "సైకిలెక్కడం రాని సైకిల్ వాలా!" అని అరవడం నేను కాఫీ తాగుతూ విన్నాను. గులాం ఆ కిటికీలోంచి నా మొహం చూశాడు. "ఇన్నావేటి బావ?" అన్నాడు. "లేదు" అన్నాను. "ఐతే ఇంకెవులికీ సెప్పకు" అన్నాడు. ఖైరున్నీసా నన్ను మూర్తన్నయ్యా అని పిలిచేది, అందుకని నేను అతనికి బావని.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొడుకుని సైకిలెక్కించి దర్గాకొండ పల్లంలో తోసి వదిలేశాడట. అలా వదిలితేనే వస్తుందని ఆయన సిద్ధాంతం. పిల్లాడు కింద ఆరబెట్టిన చేపల్లోకి తలకిందులుగా వెళ్ళిపడ్డాడు. చేపలు నాశనమైన ఆవిడ ముందు రెండు తగిలించి, ఆ తర్వాత బయటికి లాగింది. అప్పటి నుంచి గులాం ఎండుచేపలు తినలేదు, సైకిలెక్కలేదు. సైకిళ్ళంటే మాత్రం పిచ్చి ప్రేమ.

ఆ పిచ్చే అతన్ని ప్రెసిడెంటుని చేసింది. డెబ్బైల చివర్లో ఊళ్ళో స్కూటర్లు ఎక్కువయ్యాయి. స్కూటరు కొన్నవాడి మెడకి ఏమవుతుందో గానీ, మర్నాటి నుంచి అది నడిచేవాళ్ళ వైపు తిరగదు. నిన్నటిదాకా మనతో డ్యూటీకి సైకిలు మీద వచ్చినవాడే ఇవాళ వెనక నుంచి హారన్ కొట్టి "జరుగవోయ్" అంటాడు. నాకు ఇప్పటికీ ఆ శబ్దం వింటే ఒళ్ళు మండుతుంది. అలా మండినవాళ్ళమందరం గులాం షాపు ముందు చేరి సైకిలు సోదర సంఘం పెట్టాం. అతను అధ్యక్షుడు, నేను కార్యదర్శి. చేపలు పట్టేవాళ్ళుండే జాలారిపేట నుంచి పోతమ్మ సంఘంలో చేరిన రోజున "నానెవులికి సోదరుణ్ణి?" అని నిలదీస్తే బోర్డు మీద "సోదరీ" అని రాయించాం. చోటు చాలక ఆ మాట బొమ్మలో ఉన్న సైకిలు చక్రం మీదకి ఎక్కింది.

గులాం మాట్లాడితే జనం నిలబడి వినేవారు. చేపల మార్కెట్ దగ్గర ఆడవాళ్ళని పోగేసి, "అమ్మల్లారా, స్కూటరు తాగుద్ది. సైకిలు తాగదు. తాగీ మొగుడు కావాలా, తాగని మొగుడు కావాలా?" అనేవాడు. అంతే, ఆడవాళ్ళందరూ సైకిలు పక్షం. మొగుళ్ళు మాత్రం అతన్ని చూస్తే పక్క సందులోంచి పోయేవారు.

ఆదివారాలు బీచి రోడ్డులో సైకిలు నేర్పేవాడు. సీటు వెనక పట్టుకుని పరిగెత్తుతూ అరుస్తాడు, వాళ్ళు తొక్కుతారు. అంతమందికి నేర్పినవాడు తను తొక్కగా ఎవరూ చూడలేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. గురువుకి పరీక్ష పెట్టేవాడు ఎవడు?

అతని శిష్యుల్లో మొదటి పేరు పోతమ్మదే. రేవులో చేపలు కొని వాగు అవతల, మా మాటలో గెడ్డ అవతల, కాలనీల్లో అమ్మేది. బస్సు కండక్టరు బుట్ట వాసనకే గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టేవాడు. విసిగిపోయి సైకిలు నేర్చుకుంటానంది. ఆమె భర్త తాతబాబు, "ఆడది సైకిలెక్కితే సముద్రం ఎండిపోద్ది" అన్నాడట. "ఎండిపోతే నడిసెల్లి సేపలేరుకో, తెడ్డెయ్యక్కర్నేదు" అని ఈవిడ గోచీ బిగించి ఎక్కేసింది. నెల తిరక్కుండా వెనక బుట్ట కట్టుకుని గెడ్డ వంతెన మీద ఆమె తొక్కుతుంటే మగవాళ్ళు పక్కకి తప్పుకునేవారు. అంత జోరు.

ఆ వంతెన దగ్గరే గొడవ మొదలైంది. పాతది, ఇరుకుది. కింద ఉప్పునీటి గెడ్డ. ఊళ్ళోంచి పనుల్లోకి వెళ్ళే సైకిళ్ళన్నీ దాని మీదుగానే పోవాలి. ఎనభై మూడులో ఉక్కు కర్మాగారం పనులకి ఇనుము వేసుకుని లారీలు కూడా అదే దారి పట్టాయి. శ్రీరామ్మూర్తి అని వంతెనల ఇంజనీరొకాయన కొత్తగా వచ్చి, సైకిళ్ళ వల్లే లారీలు ఆగుతున్నాయని తేల్చేశాడు. మర్నాటికల్లా వంతెన మొదట్లో బోర్డు వెలిసింది: "సైకిళ్ళు దిగి నడిపించుకొని పోవలెను." దాని కింద ఈల పట్టుకుని ఒక వాచ్‌మన్.

జనం గగ్గోలు పెట్టారు. దిగి నడిస్తే షిఫ్టు అందుకోలేరు. గేటు మూస్తే ఆ పూట పని పోయినట్టే. కొందరు దిగినట్టే దిగి, నడి వంతెన మీద ఎక్కేసేవారు. వాచ్‌మన్ ఈల వేస్తే మళ్ళీ దిగేవారు. పోతమ్మకైతే ఆ బోర్డు చూస్తే పూనకం వచ్చేది. "భాయ్, నువ్వు పెసిడెంటువా, బొమ్మవా? ఆ బోర్డు పీకించవేటి?" అని రోజూ షాపు ముందు బుట్ట దింపి అడిగేది. ఊరందరిలోకీ ఆ ఆర్డరు వల్ల రవ్వంత నష్టం కూడా లేని ఒకే ఒక్క మనిషి గులాం. అతను ఎలాగూ నడిపించుకునే పోతాడు. అయినా దాని మీద అతను పడ్డంత మథనం మరెవరూ పడలేదు. అన్నం దగ్గర కూడా అదే మాట అని ఖైరున్నీసా చెప్పేది.

ముగ్గురం ఇంజనీరు దగ్గరికి వెళ్ళాం. గులాం, నేను, పోతమ్మ. ఆయన కూర్చోమనలేదు.

"వంతెన మీద దిగి నడవడానికి ఏమిటండీ మీ బాధ? ఒంటికి కూడా మంచిదే కదా" అన్నాడు.

"మంచిదే సార్. మరి మీరు జీపు దిగి తోసుకెల్తారా?" అన్నాడు గులాం.

ఇంజనీరు మొహం కందగడ్డయింది. బల్ల మీద వేళ్ళతో కాసేపు దరువేసి అన్నాడు. "సరే. సోమవారం షిఫ్టు వేళకి నేనే వస్తాను. మీ ప్రెసిడెంటు గారు ముందు నడిపించుకుంటూ ఒకసారి, తర్వాత తొక్కుకుంటూ ఒకసారి వంతెన దాటాలి. వాచీ పెట్టి చూస్తాను. తేడా ఉందని తేలితే బోర్డు తీయించేస్తాను. లేదా, మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

గులాం నోరు తెరిచాడు. అందులోంచి మాట రాకముందే పోతమ్మ అందుకుంది. "ఓస్, అదెంత పని సార్! మా భాయ్ ఎక్కినాడంటే గాలే!"

బయటికొచ్చాక పోతమ్మ ఈ వార్త ఊరంతా చెప్పడానికి సైకిలెక్కి పోయింది. గులాం మెట్ల మీద కూలబడ్డాడు.

"నీ బదులు ఇంకొకడు తొక్కుతాడని చెప్పొచ్చు కదా బావా" అన్నాను.

"ఎందుకని అడిగితే ఏటని సెప్తాను? ఊరికి సగం మందికి నేర్పినోణ్ణి. ఇప్పుడు నాకే రాదని తెలిసిందనుకో, నవ్వితే నవ్వనీ, పర్నేదు. నాను నేర్పిందంతా ఉత్తిదే అనుకుంటారు బావ. ఇంతకాలం నన్ను భాయ్, భాయ్ అన్నోళ్ళు రేపట్నించి ఏటని పిలుత్తారు?" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నిజంగా జాలేసింది. తొక్కితే పడతాడు, తొక్కకపోతే వంతెన పోతుంది, చెప్పేస్తే పరువు పోతుంది.

ఖైరున్నీసా మాత్రం కొంగు బిగించింది. "అందరికీ నేర్పినావు కదా, నువ్వు నేర్చుకోలేవా?" అంది. మర్నాడు తెల్లవారి నమాజు కాగానే ముగ్గురం బీచికి చేరాం. సీటు పట్టుకుంది నేను. ఎదురుగా చేతులు బార్లా చాపి నిలబడింది ఆమె.

"అరె, పట్టుకో బావ, పట్టుకో!"

"పట్టుకునే ఉన్నాను!"

"పట్టుకున్నావని నాకు నమ్మకం నేదు!"

నేను పట్టుకున్నా సరే, అతను పడ్డాడు. ఎడమకి పడ్డాడు, కుడికి పడ్డాడు, ఒకసారి ఎక్కకముందే పడ్డాడు. చివరికి ఎలాగో నాలుగు తొక్కులు తొక్కి, తిన్నగా వెళ్ళి ఇసకలో నిలబెట్టిన పడవని గుద్దేశాడు. పడవ నీడలో వలలు బాగుచేస్తున్న తాతబాబు లేచి చూశాడు.

"ఏటి భాయ్ ఇది?"

"బ్రేకు పనిసేత్తందో నేదో సూత్తన్నాను" అన్నాడు గులాం ఇసక ఉమ్మేస్తూ.

"సేత్తందా?"

"నేదు."

సోమవారం వచ్చేసింది. ఖైరున్నీసా అతని జబ్బకి తాయెత్తు కట్టింది. దూర ప్రయాణాలకి వెళ్ళేవాళ్ళకి కట్టేది అది. వంతెన మొదట్లో తిరునాళ్ళలా ఉంది జనం. షిఫ్టుకి పోయేవాళ్ళు, పాలవాళ్ళు, చేపల బుట్టలవాళ్ళు, అందరూ సైకిళ్ళతో. ఇంజనీరు జీపులో వచ్చి వాచీ విప్పి చేత్తో పట్టుకున్నాడు. జీపు మీ వెనకే వస్తుంది, కానివ్వండి అన్నాడు.

గులాం జనం వైపు తిరిగాడు. "ఈయాల ఒక్కడు కూడా సైకిలెక్కకూడదు. ఆర్డరంటే ఆర్డరే. అందరూ దిగి, నా ఎనకాల నడండి" అన్నాడు.

ఆ మాట వినగానే జనం ఒకరి మొహాలొకరు చూసుకుని, "భాయ్ బుర్రే బుర్ర!" అనుకున్నారు. ఏదో ఎత్తు వేశాడనుకున్నారు. ఎత్తూ లేదు, గిత్తూ లేదు. నడక ఎంత ఆలస్యమైతే తొక్కుడు అంత వెనక్కి పోతుంది. అదీ అతని లెక్క. నలుగురితో నారాయణా అని నడిస్తే ఆ రెండో సంగతి అందరూ మర్చిపోతారేమోనని ఆశ కూడాను.

నడక మొదలైంది. అలాంటి నడక నేను మళ్ళీ చూడలేదు. పెళ్ళికూతురు కూడా పీటల మీదకి అంత నెమ్మదిగా రాదు. ఆగి టైరు నొక్కి చూశాడు. గంట తుడిచాడు. ఎదురొచ్చిన ప్రతివాడికీ సలాం చేసి పిల్లల చదువులు అడిగాడు. గొలుసు జారలేదు గానీ, జారిందేమోనని వంగి చూశాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. సైకిలు తొక్కేవాడికి సైకిలంత చోటు చాలు. నడిపించేవాడికి సైకిలుకో చోటు, మనిషికో చోటు. అన్నాళ్ళూ జనం దిగుతూ ఎక్కుతూ దొంగాట ఆడారు కాబట్టి సరిపోయింది. ఇవాళ అందరూ బుద్ధిగా ఆర్డరు పాటించేసరికి వంతెన ఈ కొస నుంచి ఆ కొసకి నిండిపోయింది. వెనక ఇనుప లారీలు ఆగాయి. ఎదర ఖాళీ లారీలు ఆగాయి. మధ్యలో ఇంజనీరు జీపు. దాని ఎడమ పక్క పోతమ్మ పచ్చి చేపల బుట్ట, కుడి పక్క ఇంకొకావిడ ఎండుచేపల మూట. ఎండ ఎక్కుతోంది. ఆయన జేబురుమాలు ముక్కుకి కట్టుకున్నాడు. కాసేపటికి అవతలి కొస నుంచి ఒక డ్రైవరు పరిగెత్తుకొచ్చి, పెద్దాఫీసరు గారి కారు ఇరుక్కుందని, ఈ వంతెన తాలూకు ఇంజనీరు ఎవరని ఆయన అడుగుతున్నారని చెప్పాడు.

ఇంజనీరు జీపు మీదకెక్కి నిలబడ్డాడు. "ఎక్కండయ్యా! ఎక్కి తొక్కండి! మీకు దణ్ణం పెడతాను!"

"ఆర్డరు సార్" అన్నాడు గులాం, ఎంతో వినయంగా.

"ఆర్డరు లేదు, ఏమీ లేదు! వాచ్‌మన్! ఆ బోర్డు పీకి ఇచ్చెయ్ వీళ్ళకి!"

పోతమ్మకి కడుపు నిండలేదు. "మరి మా భాయ్ తొక్కి సూపించొద్దా సార్?" అంది. గులాం ఆమెని చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు.

"అక్కర్లేదమ్మా! తేడా తెలిసింది!"

జనం ఒక్క కేక వేశారు. గులాం మెడలో దండేశారు. తర్వాత అందరూ ఒక్కసారిగా సైకిళ్ళెక్కారు. గంటలు మోగించుకుంటూ, ఈలలు వేసుకుంటూ ఆ వంతెన మీద తొక్కుకుంటూ పోయారు. జీపు కదిలింది, లారీలు ఒకటొకటే కదిలాయి. చూస్తుండగానే అంత జనమూ ఖాళీ అయిపోయి నడి వంతెన మీద ఇద్దరం మిగిలాం. బోర్డు భుజాన వేసుకుని నేను, మెడలో దండతో సైకిలు పట్టుకుని గులాం.

గెలిచిన మనిషి మొహంలా లేదు అది. వాళ్ళు పోయిన వైపే చూస్తున్నాడు. "ఎంత బాగా తొక్కుతన్నారు బావ" అన్నాడు.

దూరంగా ఒక సైకిలు వెనక్కి తిరిగింది. పోతమ్మ.

"ఏటి భాయ్, ఆగిపోనావు? పంచరేటి?"

పంచరే అంటే సరిపోయేది. ఇన్నేళ్ళూ అదే అన్నాడు. ఎందుకో ఆ పూట అనలేకపోయాడు.

"నేదు పోతమ్మా. నాకు తొక్కడం రాదు."

పోతమ్మ పకపకా నవ్వింది. "పరాసికాలా?" అంది. అతను నవ్వలేదు. ఆమె నా వైపు చూసింది. నేను వేరే దిక్కు చూశాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మరి నాకెలగ నేర్పినావు?"

"ఎలగ పడతారో నాకు బాగా తెలుసు. అదొక్కటీ సెయ్యొద్దన్నాను. మిగతాది నువ్వే నేర్సుకున్నావు" అన్నాడు గులాం. తల దించుకున్నాడు. ఇక ఆమె ఏమంటుందోనని సైకిలు గంట తుడవడం మొదలుపెట్టాడు.

పోతమ్మ సైకిలు దిగింది. రైలింగు వైపు ఒకసారి చూసి, గబుక్కున ఇవతలికి జరిగింది.

"నువ్వు సెప్పీసినావు గాబట్టి నానూ సెప్పేత్తన్నాను. ఎవులికీ అనకండి. నాకు ఈత రాదు."

నాకు అర్థం కాలేదు. "జాలారిపేటలో పుట్టి?" అన్నాను.

"పుడితే? నీళ్ళంటే నాకు పేణం మీదకొత్తాది బాబూ. మా ఇంటాయనకీ తెల్దు. ఈ వంతెన మీద నానంత జోరుగా ఎందుకు తొక్కుతాననుకున్నారు? కిందకి సూడ్డం బయ్యమై. దిగి నడమని ఆ బోర్డెట్టిన కాడ్నించి రోజూ సచ్చి బతుకుతన్నాను. సేపలమ్ముకునేదాన్ని, గెడ్డ సూసి కాళ్ళొణుకుతన్నాయని ఎవులికి సెప్పుకోను?"

గులాం తలెత్తి ఆమెని చూశాడు. సైకిలుతో సహా రైలింగు వైపుకి జరిగాడు. నీళ్ళు ఆమెకి కనబడకుండా మధ్యలో అతనూ, అతని సైకిలూ.

"పద" అన్నాడు.

ఆమె కావాలంటే ఎక్కి ఒక్క ఊపులో దాటిపోవచ్చు. దిగమనే బోర్డు నా భుజం మీదే ఉంది. ఆమె ఎక్కలేదు. అతని పక్కనే, అతని నడకకి సరిపడా నెమ్మదిగా సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. కళ్ళు మాత్రం గులాం మెడలోని దండ మీంచి కదల్లేదు. వెనక లారీవాడొకడు వచ్చి, ఎవరూ లేని వంతెన మీద వీళ్ళెందుకు నడుస్తున్నారో తెలియక గట్టిగా హారన్ కొట్టాడు.

"నడుత్తన్నాం కదేటి, కళ్ళు కనబడవా?" అని పోతమ్మ వాడి మీద విరుచుకుపడింది.